చేప పడకపోతే టిప్పెందుకు?

చేపల పులుసు వాసన వీధి చివర నుంచి వస్తేనే కిటికీ రెక్కలు మూసే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని నేను. అలాంటిదాన్ని చేపలు పట్టే పడవెక్కి, అట్లాంటిక్ సముద్రం మీద నాలుగు గంటలు కూర్చున్నానంటే అందులో నా సాహసమేమీ లేదు. ఆరో మనిషి తక్కువైందట, అంతే!

సంగతేమిటంటే, మా తమ్ముడు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంటాడు. 2023 వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్ళాను. చూడాల్సినవన్నీ చూసేశాక ఒకరోజు భోజనాల దగ్గర, "అక్కా, నవలలు రాసేదానివి... హెమింగ్వే చేపలు పట్టిన సముద్రం చూడకుండా వెళ్ళిపోతావా?" అన్నాడు. ఆ ఒక్క మాటనే ఎరగా గుచ్చి నన్ను పైకి లాగేశాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే. నాకేం కావాలో నాకంటే వాడికే బాగా తెలుసు.

ఫ్లోరిడా కొస నుంచి సముద్రంలోకి తెగిన పూసల దండలా చిన్న చిన్న దీవులు వరసగా ఉంటాయి. వాటిని 'కీస్' అంటారు. ఆ దీవుల్లో ఐలమొరాడ అనే ఊరు చేపల వేటకి పెట్టింది పేరు. అక్కడ పడవని సరంగుతో సహా పూటకో రోజుకో మాట్లాడుకుని సముద్రంలోకి వెళ్ళి, సరదాగా గాలం వేసుకుని రావచ్చు. దాన్నే 'చార్టర్' అంటారు. మన గోదావరి మీద లాంచీ మాట్లాడుకోమూ? అలాగే. కాకపోతే చిన్న పడవల్లో ఆరుగురికి మించి ప్రయాణికుల్ని ఎక్కించే లైసెన్సు సామాన్యంగా ఉండదు. అద్దె మాత్రం ఇద్దరెక్కినా ఆరుగురెక్కినా ఒకటే. అందుకని ఆరుగురూ ఉంటేనే గిట్టుబాటు. తమ్ముడూ, మరదలూ, తమ్ముడి స్నేహితుడూ, ఆయన భార్యా, వాళ్ళబ్బాయీ వెరసి ఐదుగురు. ఆరో తల నాది.

పూటకి అద్దె తొమ్మిది వందల డాలర్లు. "రూపాయల్లోకి మార్చి చూసుకోకండి వదినా" అని మరదలు నా చేత ముందే ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేశాను. మార్చి చూసుకున్నాను కూడా. అప్పటి లెక్కన డెబ్బై వేలు దాటింది. గుండె గుభేలుమంది!

తెల్లవారి ఏడింటికి రేవు చేరాం. సరంగు యాభై దాటిన మనిషి. నాలుగు ముక్కలు మాట్లాడి చక్రం దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగతా పనంతా ఒక కుర్రాడిది. ఇరవై ఏళ్ళుంటాయేమో! ఎండకి రాగి చెంబులా ఉన్నాడు. మన లాంచీల మీదైతే కళాసీ అంటాం, అక్కడ 'మేట్' అంటారు. మేం వచ్చేసరికే ఐసు నింపి, ఎర కోసి, గాలాలన్నీ కట్టి ఉంచాడు. ఎవరి చేతికి ఏ గాలం ఇవ్వాలో చూడటం, చిక్కులు పడిన దారాలు విప్పడం, ఎర మార్చడం, ఎటు పక్షులు మూగుతున్నాయో కనిపెట్టి సరంగుకి కేక వెయ్యడం, అన్నీ వాడే. వీటన్నిటితో పాటు ఆరోజు వాడి నెత్తిన ఇంకొక పని పడింది. అది నేను.

ఒడ్డు కనుమరుగైన అరగంటకల్లా నా కళ్ళు తిరిగిపోయాయి. మా వాళ్ళందరూ గాలాల మీద ధ్యాసతో ఉంటే, ఆ కుర్రాడే వచ్చి పడవ వెనక గాలి తగిలేచోట కూర్చోబెట్టి, ఐసులో ముంచిన గుడ్డ మెడ మీద వేశాడు. "దూరంగా ఆకాశమూ నీళ్ళూ కలిసేచోట చూస్తూండండి, కిందికి చూడకండి" అన్నాడు. నోట్లో అల్లం బిళ్ళ పెట్టుకోమన్నాడు. బాల్చీ పట్టుకున్నాడు. రెండుసార్లు కడిగి తెచ్చాడు కూడా. కన్నకొడుకు కూడా మొహం చిట్లించకుండా చెయ్యని పని అది!

చేపలంటారా? ఆవేళ మా మొహాలకి చేపలు పడలేదు. గాలి పెరిగింది, కెరటాలు లేచాయి. సరంగు మూడు చోట్లు మార్చాడు. పడ్డవి నాలుగో ఐదో చిన్న చేపలు. వాటిని ఉంచుకోవడానికి చట్టప్రకారం కొలత చాలదని, కుర్రాడు ఒక్కొక్కదాని నోట్లోంచి గాలం సున్నితంగా తీసి మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. పదకొండింటికి ఖాళీ ఐసుపెట్టెతో ఒడ్డుకి చేరాం.

పడవ కట్టెయ్యగానే ఆ కుర్రాడు గొట్టంతో పడవంతా కడగడం మొదలెట్టాడు. ఏమీ అడగలేదు. మా వైపు చూడను కూడా లేదు. గట్టు మీద ఇద్దరు ముగ్గురు వేరే పడవల వాళ్ళు తమ మేట్ల చేతుల్లో మడిచిన నోట్లు పెట్టడం నా కంటపడింది. తమ్ముడితో మెల్లిగా అన్నాను, ఏదైనా ఇవ్వాలేమోరా అని. వాడు జేబులోకి చెయ్యి పోనిచ్చేలోగానే స్నేహితుడు అందుకున్నాడు.

"చేపే పడలేదు కదండీ అక్కయ్యగారూ! తొమ్మిది వందలు తగలేసి చిన్న పిత్తపరిగె కూడా ఇంటికి తీసుకెళ్ళటం లేదు. చేప పడకపోతే టిప్పెందుకు?"

మాట సబబుగానే ఉందనిపించింది. చివరికి మా తమ్ముడు మొహమాటపడి ఇరవై డాలర్ల నోటు ఒకటి తీసి ఇచ్చాడు. ఆరుగురికీ కలిపి ఇరవై! ఆ కుర్రాడు నోటు చూడకుండానే జేబులో పెట్టుకుని, 'థాంక్యూ' చెప్పి, నాకేసి తిరిగి, "ఇప్పుడెలా ఉంది మీకు?" అని అడిగాడు.

ఆ రాత్రికి అక్కడే ఒక మోటెల్లో దిగాం. నడిపేది గుజరాతీ ఆవిడ. మా కబుర్లు విని, "మేట్‌కి ఎంతిచ్చారు?" అని అడిగింది. చెప్పాం. ఆవిడ ఒక్క క్షణం ఊరుకుని, "అయ్యో, ఆ పిల్లలకి జీతమని పెద్దగా ఏమీ ఉండదు బెహన్‌జీ. కొన్ని పడవల మీద అసలే ఉండదు. అద్దెలో నూటికి పదిహేనో ఇరవయ్యో ఇచ్చిపోతారు అందరూ. అదే వాళ్ళకి అన్నమూ, అద్దే" అంది. తొమ్మిది వందలకి నూటికి ఇరవై చొప్పున నూట ఎనభై. తలకి ముప్ఫై. మేమిచ్చింది తలకి మూడు డాలర్ల పైచిల్లర! నా బాల్చీ రెండుసార్లు కడిగిన చేతుల్లో పెట్టింది అంతా!

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. సిగ్గు సంగతి అలా ఉంచి, ఒక ప్రశ్న వదల్లేదు. ఇంత పనిచేసే మనిషికి జీతమెందుకు లేదు? చేపల పడవ మీదికి ఈ టిప్పు ఎలా వచ్చింది? తమ్ముడింటికి తిరిగొచ్చాక రోజూ వాళ్ళ ఊరి లైబ్రరీకి పోయి కూర్చున్నాను. ఏదో రెండు పేజీల సంగతి అనుకుంటే, తీగ లాగితే డొంకంతా కదిలింది.

సముద్రం మీద పనిచేసేవాడికి నెలజీతం అన్నది మొదటినుంచీ అరుదైన మాటే. మన ఉప్పాడ తీరంలో చూడండి. పడవకింత, వలకింత, ఎక్కినవాళ్ళకింత అని పడ్డ సరుకుని వాటాలు వేసుకోవడం తాతల నాటి పద్ధతి. ప్రపంచంలో చాలాచోట్ల బెస్తవాళ్ళ లెక్క ఇలాగే ఉంటుంది. అమెరికాలో తిమింగలాలు వేటాడే రోజుల్లో కూడా ఓడ మీద ఎవరికీ జీతం లేదు. తెచ్చిన నూనె అమ్మగా వచ్చిన లాభంలో కెప్టెన్‌కి పదహారో వంతు చొప్పునా, పనికి కొత్త కుర్రాడికి రెండు వందలో వంతు చొప్పునా ముందే రాసుకునేవారు. మోబీడిక్ నవల రాసిన హెర్మన్ మెల్విల్ 1841లో ఓడెక్కినప్పుడు ఆయన వాటా నూట డెబ్బై ఐదో వంతు. తన నవల్లో కథ చెప్పే కుర్రాడికి ఇంకా తగ్గించి మూడు వందలో వంతు ఇప్పించాడు. వాటా ఎంత చిన్నదైనా అది వాటా. ఎవరి దయా కాదు. వేటలో తనకూ ఒక పాలు ఉందన్న హక్కు.

మరి చేప అమ్మడానికి కాకుండా సరదాకి పట్టడం మొదలైతే ఆ వాటా ఏమైంది?

ఈ సరదా వేట చరిత్రలో అందరూ చెప్పుకునే తేదీ 1898 జూన్ 1. కాలిఫోర్నియా దగ్గర కాటలీనా ద్వీపంలో అవలాన్ అనే ఊరుంది. అక్కడ చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ఆయన సన్నని గాలం కర్రతో, చుట్టతో నూట ఎనభై మూడు పౌన్ల ట్యూనా చేపని పట్టాడు. మన లెక్కలో ఎనభై మూడు కిలోలు. అంతటి ట్యూనాని చేతి దారంతో లాగడమే గాని, కర్రతో ఒంటరిగా పట్టడం సాధ్యమని అంతకుముందు చాలామంది అనుకోలేదు. ఆ ఏడాదే ఆయన 'ట్యూనా క్లబ్బు' స్థాపించాడు. నూరు పౌన్లు దాటిన ట్యూనాని నియమప్రకారం పట్టినవాళ్ళకి నీలం గుండీ ఇచ్చి సత్కరించేవారు. ఆ నియమాల్లో అసలుది ఏమిటంటే, చేపని మొదలు నుంచి చివరిదాకా గాలం పట్టినవాడే లాగాలి. పడవవాడు కర్ర ముట్టుకోకూడదు.

న్యాయమే. కానీ ఆలోచించండి. చేప ఎక్కడుందో తెలిసింది పడవవాడికి. ఎర గుచ్చింది అతను. చేప ఎటు పరుగెత్తితే అటు పడవ తిప్పింది అతను. చివరికి కొక్కెం వేసి పైకి లాగేదీ అతనే. కర్ర ముట్టుకోవడం ఒక్కటే చెయ్యలేదు గనక పేరు అతనిది కాదు. చేప అమ్మకానికి కాదు గనక వాటా కూడా లేదు. పేరూ, వాటా రెండూ పోయినచోట మిగిలింది ఏమిటి? ఒడ్డుకి వచ్చాక దొరగారి సంతోషం.

ఆ తర్వాత ఫ్లోరిడా వంతు వచ్చింది. హెన్రీ ఫ్లాగ్లర్ అనే కోటీశ్వరుడు సముద్రం మీద వంతెనలు కట్టి, దీవి మీంచి దీవికి రైలు వేయించాడు. 1912 జనవరిలో అది చివరి దీవి కీ వెస్ట్‌కి చేరింది. ఐలమొరాడకి దగ్గర్లోనే లాంగ్ కీ అనే దీవి మీద, రైలు పనివాళ్ళ మకాం ఉన్నచోటే, ధనవంతుల కోసం చేపల వేట విడిది ఒకటి వెలిసింది. 1917లో అక్కడ పెట్టిన క్లబ్బుకి మొదటి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? కౌబాయ్ నవలలు రాసిన జేన్ గ్రే! చలికాలం వస్తే ఉత్తరాది నుంచి పెద్దమనుషులు రైల్లో దిగడం, అక్కడి పడవవాళ్ళని రోజుకింత అని మాట్లాడుకోవడం, వేట ముగిశాక మెచ్చి చేతిలో ఏదో పెట్టి వెళ్ళడం మామూలైంది. 1935 సెప్టెంబరు తుపానులో ఆ విడిదీ పోయింది, రైలుమార్గమూ పోయింది. చార్టర్ పడవలు మాత్రం మిగిలాయి.

ఇక మా తమ్ముడు నాకు ఎరవేసిన హెమింగ్వే సంగతి. ఆయన 1928లో కీ వెస్ట్ చేరాడు. పెద్ద చేపల వేటలో ఆయనకి ఓనమాలు దిద్దించినవాళ్ళలో జో రసెల్ అనే పడవవాడు ఒకడు. 1934లో హెమింగ్వే 'పిలార్' అనే సొంత పడవ కొనుక్కున్నాడు. 1937లో ఆయన రాసిన 'టు హావ్ అండ్ హావ్ నాట్' నవల మీలో కొందరు చదివే ఉంటారు. దాని కథ ఎక్కడ మొదలవుతుందో నాకు మునుపెప్పుడూ పట్టింపుకి రాలేదు. ఈసారి చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

హారీ మోర్గన్ అనే సరంగుకి చార్టర్ పడవే జీవనాధారం. జాన్సన్ అనే పెద్దమనిషి ఆ పడవని రోజుకింత అని మాట్లాడుకుని వారాల తరబడి చేపలు పట్టిస్తాడు. ఎర గుచ్చడానికి ఒక నల్లజాతి మనిషి ఉంటాడు. అతని కూలి రోజుకి ఒకే ఒక్క డాలరు. ఆ డాలరు దండగ ఖర్చని జాన్సన్‌గారి గొణుగుడు! తన అజాగ్రత్త వల్ల పెద్ద చేపా పోగొట్టుకుంటాడు, హారీ కర్రా చుట్టా కూడా సముద్రం పాలు చేస్తాడు. రేపు బ్యాంకు తెరవగానే లెక్క చూస్తానని చెప్పి, ఎనిమిది వందల పైచిలుకు డాలర్లు ఎగ్గొట్టి విమానమెక్కేస్తాడు. చేతిలో చిల్లిగవ్వ లేని హారీ దొంగరవాణాకి దిగుతాడు. అక్కడినుంచి చెయ్యి పోతుంది, చివరికి ప్రాణమూ పోతుంది. అంత విషాదానికీ మొదలు, ఒక ఖాతాదారు ఒడ్డున లెక్క తీర్చకుండా వెళ్ళిపోవడం!

"ఆ డాలరు దండగ" అన్న జాన్సన్ గొంతూ, "చేపే పడలేదు కదండీ" అన్న గొంతూ నా చెవుల్లో ఒకేలా వినిపించాయి. అలా అన్నది తమ్ముడి స్నేహితుడే గాని, తల ఊపింది నేను కాదూ?

హెమింగ్వే స్వయంగా ఎలాంటివాడో గాని, తన పడవ మీద పనిచేసిన గ్రెగోరియో ఫ్యుయెంతెస్‌ని ఏళ్ళ తరబడి మిత్రుడిగా చూశాడు. 1952లో వచ్చిన 'ఓల్డ్ మాన్ అండ్ ద సీ'లో ముసలివాడికి ఆయన పోలికలున్నాయంటారు. ఫ్యుయెంతెస్ నూరేళ్ళు దాటి బతికి 2002లో పోయాడు.

పడవల కథ ఇది. టిప్పు కథ వేరే ఉంది. అది నేల మీద పుట్టింది. 'టిప్' అన్నది ఏవో మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలని చాలామంది చెబుతారు గాని, అది కట్టుకథ. ఇంగ్లండులో దొంగల రహస్య భాషలో 'ఇలా అందించు' అనే అర్థంతో వాడిన మాట అది. 18వ శతాబ్దంలో అక్కడ ఎవరింటికైనా అతిథిగా వెళితే, తిరిగొచ్చేటప్పుడు నౌకర్లు గుమ్మం దగ్గర వరసగా నిలబడేవారట. అందరి చేతులూ తడపాలి! భోజనానికి పిలిస్తే వెళ్ళడానికి జంకేవారట కొందరు.

అమెరికావాళ్ళకి మొదట్లో ఈ పద్ధతి నచ్చలేదు. రాజులూ బానిసలూ ఉన్న దేశాల జాడ్యమిది, మన ప్రజాస్వామ్యంలో ఎందుకన్నారు. కానీ 1865లో అంతర్యుద్ధం ముగిశాక, ఐరోపా తిరిగొచ్చిన ధనవంతులు ఆ అలవాటు వెంట తెచ్చారు. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ లక్షలాది నల్లజాతి వాళ్ళకి పని కావాలి. యజమానులకి జీతం లేని పనివాళ్ళు కావాలి. రెండూ కలిశాయి. పుల్‌మన్ కంపెనీ పడక రైలుపెట్టెల్లో నల్లజాతి పోర్టర్లని పెట్టుకుంది. స్వల్పమైన జీతం, నెలకి నాలుగు వందల గంటల పని, మిగతాది ప్రయాణికుల దయ. ఆ దయ కోసం నవ్వు మొహం. ఎవరి పేరు ఏదైనా, యజమాని పేరుతో 'జార్జ్' అని పిలిస్తే పలకాలి!

దీన్ని అసహ్యించుకుని టిప్పులనే నిషేధించిన రాష్ట్రాలున్నాయంటే నమ్ముతారా? 1909లో వాషింగ్టన్ రాష్ట్రం మొదలెట్టింది. తర్వాత ఇంకో ఐదు రాష్ట్రాలు చట్టాలు చేశాయి. 1926 నాటికి అన్నీ ఎత్తేశారు. టిప్పు ఇవ్వొద్దన్నారే గాని, జీతం ఇవ్వమని యజమానికి ఎవరూ చెప్పలేదు మరి! పోర్టర్లు మాత్రం 1925లో సంఘం కట్టుకుని, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో పుల్‌మన్ కంపెనీతో ఒప్పందం రాయించుకున్నారు. జీతం పెరిగింది, గంటలు తగ్గాయి. టిప్పు కన్నా ఒప్పందం గొప్పదని ఋజువు చేసినవాళ్ళు వాళ్ళు.

అయినా ఆ నీడ పోలేదు. 1966లో చేసిన సవరణతో, టిప్పులు తెచ్చుకునే పనివాడి టిప్పుని జీతంలో భాగంగా యజమాని లెక్కవేసుకోవచ్చన్నారు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం అలాంటివాళ్ళకి యజమాని జేబులోంచి ఇవ్వాల్సిన కనీస కూలి 1991 నుంచీ గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్లే. ఎక్కువ ఇమ్మనే రాష్ట్రాలు ఉన్నాయనుకోండి. 2025లో వచ్చిన చట్టం టిప్పుల మీద ఆదాయపు పన్నులో కొంత మినహాయింపు ఇచ్చింది. అది వర్తించే వృత్తుల జాబితాలో చార్టర్ పడవల పనివాళ్ళూ ఉన్నారు. అంటే సర్కారే ఒప్పుకున్నట్టు, అది బహుమతి కాదు, బతుకుతెరువని!

ఇప్పుడు పడవ దగ్గరికి తిరిగొద్దాం. చార్టర్ పడవ మీద టిప్పు మర్యాద ఏమిటో వివరంగా తెలుసుకున్నాను. మీ పిల్లలు అక్కడుంటే మీకూ పనికొస్తుంది. మొత్తం అద్దె మీద నూటికి పదిహేను నుంచి ఇరవై. బాగా శ్రమపడితే ఇంకా ఎక్కువ. బుకింగు డబ్బులో అది కలిసి ఉండదు, విడిగా నగదు తీసుకెళ్ళాలి. ఒడ్డుకి చేరాక, వీలైతే మేట్ చేతికే ఇవ్వాలి. సరంగుకి పడవ అద్దె వస్తుంది, అందులోంచి నూనె ఖర్చూ, ఇన్సూరెన్సూ, మరమ్మతులూ ఆయన చూసుకుంటాడు. మేట్‌కి మన చేతిలోంచి వచ్చిందే రాబడి. చేపలు కోసి శుభ్రం చేసినందుకు కొన్ని రేవుల్లో పౌనుకింత అని వేరే తీసుకుంటారు, ముందే అడగాలి. మిగిలిన కూల్‌డ్రింకులూ చిరుతిళ్ళూ ఇచ్చి టిప్పు ఇచ్చామనుకోకూడదు. గాలి బాగా లేక ప్రయాణమే రద్దయితే ఏమీ ఇవ్వక్కర్లేదు. కుర్రాడు నిజంగా బద్ధకించినా, అమర్యాదగా మాట్లాడినా తగ్గించవచ్చు, సరంగుకి చెప్పనూ వచ్చు.

ఇక చేప పడకపోతే? అప్పుడూ ఇవ్వాల్సిందే. ఎందుకంటే పడకపోయిన రోజు పనే ఎక్కువ! చోటు మార్చాలి, ఎర మార్చాలి, లోతు మార్చాలి. చేప మీద ఎవరికీ అజమాయిషీ లేదు. శ్రమ మీదే ఉంది.

అయితే దేశానికో తీరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండుల్లో పనివాడికి సరైన కూలి ఉంటుంది గనక టిప్పు కోసం ఎవరూ చూడరు. హవాయి దీవుల్లో ఇంకో ఆచారం ఉంది. పట్టిన పెద్ద చేప చాలా పడవల మీద పడవదే! దాన్ని అమ్మి సరంగూ మేటూ పంచుకుంటారు. తెలియక వెళ్ళినవాళ్ళు, నేను పట్టిన చేప నాది కాదంటారేమిటని పోట్లాడతారట. నాకు మాత్రం ఆ సంగతి చదవగానే లెక్క తెగింది. హవాయిలో పాత వాటా పద్ధతి వాటాగానే మిగిలింది. ఫ్లోరిడాలో చేపలు పట్టినవాడి పెట్టెలోకి పోయాయి గనక, ఆ వాటాయే టిప్పు అన్న పేరు పెట్టుకుని మన జేబుల్లో కూర్చుంది. పేరు మారడంతో హక్కు కాస్తా దయ అయిపోయింది. అంతే తేడా!

ఇది చదువుతుంటే మా తాతగారు గుర్తొచ్చారు.

ఆయన పల్లెటూళ్ళో వీధిబడి పంతులు. జీతమంటూ నికరంగా లేదు. దసరా వస్తే పిల్లల చేత విల్లంబులు పట్టించి, పద్యాలు పాడించుకుంటూ ఇంటింటికీ వెళ్ళి దసరా మామూలు తీసుకునేవారు. ఏడాదిలో ఆయన కళ్ళజూసే నగదులో పెద్ద మొత్తం అదే. మనకి ఆ పండగ ముచ్చట తలచుకుంటే ఎంతో అందంగా ఉంటుంది. మా నాన్నకి అలా ఉండేది కాదు. 1950 ప్రాంతాల్లో పదేళ్ళ పిల్లాడిగా ఆ గుంపులో ఆయనా ఉన్నారు. ఒక మోతుబరి గుమ్మంలో నిలబడి, "మావాడికి పన్నెండో ఎక్కం కూడా రాలేదు, మామూలెందుకు పంతులూ?" అన్నాడట. అందరూ నవ్వారట. తాతగారూ నవ్వేసి, ఆ పిల్లాడి దోసిట్లో పప్పుబెల్లాలు పోసి, పక్కింటికి నడిచారట.

"ఏడాది పొడుగునా ఆ కుర్రాడి చెయ్యి పట్టి దిద్దించింది మా నాన్న. వాడికి రాకపోతే ఆయన దిద్దించనట్టా?" అనేవారు మా నాన్న, డెబ్బై ఏళ్ళు వచ్చాక కూడా. చెప్పినప్పుడల్లా గొంతు మారేది. నేను ఆ మోతుబరిని చిన్నప్పటినుంచీ తిట్టుకున్నదాన్నే. తీరా ఐలమొరాడ రేవులో ఆ గుమ్మంలో నిలబడింది ఎవరు? పంతులుగారి మనవరాలు!

రెండు వారాల తర్వాత కీ వెస్ట్‌లో హెమింగ్వే ఇల్లు చూడ్డానికి వెళుతూ దారిలో ఆ రేవు దగ్గర కారాపించాను. కవరులో ఎనభై డాలర్లు పెట్టాను. తలకి ముప్ఫై చొప్పున నాదీ, తమ్ముడిదీ, మరదలిదీ తొంభై. అందులో ఇదివరకు ఇచ్చిన ఇరవైలో మా ముగ్గురి భాగం పది పోను ఎనభై. తమ్ముడి స్నేహితుడికి ఫోను చేసి చెబితే, "మీరు మరీ సున్నితం అక్కయ్యగారూ" అని నవ్వేశాడు. ఆయన లెక్క ఆయనకే వదిలేశాను.

కుర్రాడు లేడు. పడవ సముద్రం మీదుంది. ఐసూ ఎరా అమ్మే కొట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. విషయం చెబితే కవరు తీసుకుని, పైన వాడి పేరు రాసి, గల్లా వెనక గోడకి పిన్నుతో గుచ్చింది. అక్కడ ఇంకా రెండు మూడు కవర్లున్నాయి. "మీలాగే మర్చిపోయి పంపేవాళ్ళు ఉంటారు" అంది. మర్చిపోవడం కాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిడ మర్యాదగా ఇచ్చిన మాట అది.

"ఏమని చెప్పను, టిప్పు అనేనా?" అని అడిగింది.

"వాడి వాటా అని చెప్పండి" అన్నాను. ఆవిడకి ఏమర్థమైందో గాని, తల ఊపింది.

కారెక్కాక తమ్ముడు, "మళ్ళీ ఎప్పుడైనా పడవెక్కుతావా అక్కా?" అన్నాడు. ఎక్కనని చెప్పాను. బాల్చీ కడిగే వాళ్ళు అన్నిచోట్లా దొరకరు కదా!